అనంత ఎండకు ఏ రంగు తెర?

కంప్యూటర్ కోర్సులో చేరిన పిల్లలు కోడ్ రాసే ఎడిటర్‌ను ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకోగానే చేసే మొదటి పనుల్లో ఒకటి దాని రంగులు మార్చుకోవడం. వెనక తెర ఏ రంగులో ఉండాలి, అక్షరాలు ఏ రంగులో ఉండాలి, ప్రోగ్రాములోని ఆదేశాలకూ అంకెలకూ, రాసినవారి వివరణలైన కామెంట్లకూ విడివిడిగా ఏ రంగులు రావాలి అని ముందే కుదిర్చిపెట్టిన వరసను థీమ్ అంటారు. మైక్రోసాఫ్ట్ 2015లో విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ మామూలుగా నల్ల తెరతోనే తెరుచుకుంటుంది. అది నచ్చకపోతే మార్చుకోవడానికి వేల థీములు ఉచితంగా దొరుకుతాయి. ఎంపిక మాత్రం చాలావరకు పక్కవాడి తెర చూసో, యూట్యూబులో పాఠం చెప్పేవారి తెర చూసో జరిగిపోతుంది. రోజుకు ఎనిమిది పది గంటలు కళ్ళను నిలపాల్సిన చోటు గురించి ఇంత తేలిగ్గా తేల్చేయడం సరికాదు. ఏ థీమ్ అందంగా ఉందన్నది తర్వాతి మాట. మనం కూర్చున్న చోట ఎంత వెలుతురు ఉందన్నది ముందు చూడాలి. ఆ లెక్కన అనంతపురం లాంటి ఎండ సీమలో పగటిపూట కోడ్ రాసేవారికి తెల్ల తెర మీద నల్ల అక్షరమే మేలు. నల్ల తెరను రాత్రికి ఉంచుకోవాలి.

ఈ ప్రాంతాన్ని ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలంటే, ఇక్కడి వెలుతురు అలాంటిది. పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్న పీఠభూమి ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ రైతుకు కన్నీళ్ళు తెప్పించే ఆ నిర్మలాకాశమే సౌర విద్యుత్తుకు వరమైంది. పాత అనంతపురం జిల్లాలోని నంబులపూలకుంట దగ్గర 1,500 మెగావాట్ల లక్ష్యంతో సోలార్ పార్కు తలపెట్టి, 2016లో ఎన్టీపీసీ తొలి 250 మెగావాట్లను అందుబాటులోకి తెచ్చింది. అదే సీమలో 1946లో ఏర్పడిన ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అదే 2008లో విడి విశ్వవిద్యాలయంగా ఏర్పడిన జేఎన్‌టీయూ అనంతపురానికి మూలం. ఆ తర్వాత తాడిపత్రి, గుత్తి, హిందూపురం దాకా ఇంజనీరింగ్ చదువు పాకింది. 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల ఉద్యోగులు ఎందరో సొంత ఊళ్ళకు వచ్చి, మిద్దె ఇళ్ళ వసారాల్లోంచి పని చేశారు. ఏసీ ఆఫీసులో కిటికీలకు తెరలుంటాయి, బల్ల మీద పడే వెలుతురు, దాని కొలత అయిన లక్సుల్లో, 300 నుంచి 500 మధ్య ఉంటుంది. వేసవిలో గాలి కోసం తలుపులు బార్లా తీసిన వసారాలో అది వేలల్లోకి పోతుంది. బయటి నడి ఎండలో లక్ష లక్సులు దాటుతుంది. ఆఫీసు గదిలో కుదిరిన రంగులు ఈ వసారాలో కుదరాలని లేదు.

దీన్ని చిన్న లెక్కతో చూడొచ్చు. తెర ఎంత వెలుగునిస్తుందో నిట్లలో కొలుస్తారు. మామూలు ధరలో దొరికే ల్యాప్‌టాప్ తెర బ్రైట్‌నెస్ మొత్తం పెంచితే సుమారు 250 నిట్లు ఇస్తుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో ఎక్కువ కాలం వాడుకలో ఉన్న నల్ల థీమ్‌లో వెనక రంగు ముదురు బూడిద. 250 నిట్ల తెర మీద అది మహా అయితే 3 నిట్లు. దాని మీది అక్షరం 165 నిట్ల దాకా ఉంటుంది. చీకటి గదిలో అక్షరానికీ వెనక రంగుకూ యాభై రెట్లకు పైగా తేడా అన్నమాట, చక్కగా కనిపిస్తుంది. ఇప్పుడు అదే ల్యాప్‌టాప్‌ను వసారాలో తెల్ల సున్నం గోడకు ఎదురుగా పెట్టుకున్నామనుకుందాం. గోడ మీద 5,000 లక్సుల వెలుతురు పడుతోంది. తళతళలాడే తెర తన మీదికి వచ్చిన వెలుతురులో 4 శాతం దాకా వెనక్కి కొడుతుంది. ఆ గోడ ప్రతిబింబం తెరంతటా సుమారు 50 నిట్ల పొరలా పరుచుకుంటుంది. నల్ల థీమ్‌లో 3 నిట్ల నలుపు 53 అవుతుంది, అక్షరం 215 అవుతుంది. తేడా నాలుగు రెట్లకు పడిపోతుంది. ముదురు ఆకుపచ్చలో ఉండే కామెంట్లకైతే రెండు రెట్ల తేడా మిగలడమే ఎక్కువ. తెల్ల థీమ్‌లో 250 నిట్ల తెలుపు 300 అవుతుంది, నల్ల అక్షరం 50 దగ్గర నిలుస్తుంది. తేడా ఆరు రెట్లు. అక్కడి పచ్చ కామెంట్లకు కూడా మూడు రెట్లకు పైగా తేడా ఉంటుంది. పైనుంచి పడే వెలుతురు నలుపును చెడగొట్టినంతగా తెలుపును చెడగొట్టదు. నల్ల తెర మీద మన ముఖం, వెనకాల కిటికీ, తిరిగే ఫ్యాను కనిపిస్తుంటే అర్థం ఇదే. కళ్ళు అక్షరాన్ని వెతుక్కోవాల్సి వస్తోంది.

ఈ సంగతి ఈ సీమ కళాకారులకు తరతరాలుగా తెలుసు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, నల్ల గీతలతో ఆకారం గీసి, ఎరుపూ ఆకుపచ్చా పసుపూ నింపి, నగల చోట సన్నని రంధ్రాలు కొడతారు. తెల్లని పంచె తెర వెనక దీపం పెట్టి బొమ్మ ఆడిస్తారు. వెనకనుంచి వెలుగు వచ్చే తెరే అది, మన ల్యాప్‌టాప్ తెరలాగే. ఆ ఆట రాత్రిపూటే ఆడతారు. తెర ముందు చీకటి ఉంటేనే వెనక వెలుగులోని రంగు పలుకుతుంది, పట్టపగలు అదే బొమ్మ వెలవెలబోతుంది. ఇంకొకటి కూడా గమనించాలి. దూరంగా చాప మీద కూర్చున్నవారికి హనుమంతుడెవరో రావణుడెవరో ముందు తెలిపేది నల్ల గీత, రంగు దాని వెనకే వస్తుంది. కోడ్ ఎడిటర్‌కూ ఈ రెండు సూత్రాలు సరిపోతాయి. ముందున్న వెలుతురును బట్టి తెర ఉండాలి. రంగుకన్నా ముందు అక్షరం, దాని వెనకటి తెర, ఈ రెంటికీ మధ్య తేడా స్పష్టంగా ఉండాలి.

కంటి తీరు కూడా ఈ మాటనే బలపరుస్తుంది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది, తగ్గితే పెద్దదవుతుంది. కంటిపాప చిన్నగా ఉన్నప్పుడు కంటి కటకంలోని లోపాల ప్రభావం తగ్గి, లోపల పడే బొమ్మ మరింత సూటిగా వస్తుంది. తెల్ల తెర కంటిపాపను చిన్నది చేస్తుంది, నల్ల తెర పెద్దది చేస్తుంది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో చిన్నవారూ పెద్దవారూ ఇద్దరూ తెల్ల వెనకరంగు మీది నల్ల అక్షరాలతోనే మెరుగ్గా చదివారు. 2014లో అదే బృందం అక్షరం చిన్నదయ్యే కొద్దీ ఈ మేలు పెరుగుతుందని చూపించింది. కోడ్ రాసేవారు ఒకే తెర మీద ఎక్కువ వరుసలు పట్టించాలని ఫాంట్ సైజు తగ్గించుకుంటూ ఉంటారు కాబట్టి ఆ రెండో ఫలితం వారికి మరీ ముఖ్యం. కళ్ళద్దాల చీటీలో సిలిండర్ పవర్ ఉన్నవారికి నల్ల తెర మీది తెల్ల అక్షరం అంచులు చెదిరి, చుట్టూ వెలుగు పొగలా కనిపించడం మామూలే. నలభై దాటి చత్వారం మొదలైనవారికి కూడా తెల్ల తెర కాస్త ఊరటనిస్తుంది.

తెలుగు అక్షరాల సంగతి వేరే చెప్పాలి. కోడ్ ఇంగ్లీషులోనే ఉన్నా, మన భాషలో యాప్ చేసేవారు, పిల్లలకు పాఠాలు రాసేవారు, ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లు కట్టేవారు ప్రోగ్రాము మధ్యలో తెలుగు వాక్యాలు రాస్తూనే ఉంటారు. ఇంగ్లీషు అక్షరం ఒక వరసలో నిలబడుతుంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, పక్కన కొమ్ము, కింద వత్తులు ఉంటాయి. అంతా ఇంగ్లీషు కోసం కేటాయించిన అదే ఎత్తులో ఇమడాలి. పన్నెండు పాయింట్ల సైజులో ‘ప’కూ ‘వ’కూ తేడా చూపేది చిన్న తలకట్టు తీరే. ‘ది’ ‘దీ’ల మధ్య తేడా గుడి చివర ఉన్న చిన్న మెలిక. తెర మీది పొర ఆ సన్నని గీతల్ని మింగేస్తే తప్పు ఎక్కడుందో కనిపించదు, తప్పు ఉన్నట్టే తెలియదు. కాబట్టి తెలుగు పాఠం ఉన్న ఫైళ్ళలో ఫాంట్ ఒకటి రెండు పాయింట్లు పెంచుకోవాలి, వరుసల మధ్య ఎడం పెంచుకోవాలి, తెలుగు వాక్యాలకు మసక రంగులు ఇవ్వకూడదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఆచారానిది. అసలైన ప్రోగ్రామర్లు నల్ల తెర మీదే రాస్తారని కుర్రకారులో గట్టి నమ్మకం ఉంది. చరిత్ర చూస్తే ఆ నలుపు కంటి సుఖం కోసం ఎంచుకున్నది కాదు. 1970ల నాటి టెర్మినళ్ళలో ఎలక్ట్రాన్ పుంజం తగిలిన చోట మాత్రమే రసాయనపు పూత వెలిగేది, పచ్చగానో పసుపుగానో. తక్కినదంతా ఆరిపోయిన గాజు. తెరంతా తెల్లగా వెలిగించి, మిణుకు లేకుండా నిలపడం ఆ రోజుల్లో ఖర్చైన పని. జిరాక్స్ సంస్థ 1973లో ఆల్టో కంప్యూటర్‌తో, యాపిల్ 1984లో మెకింటోష్‌తో కాగితంలాంటి తెల్ల తెరను చూపించాయి. మన కాలేజీ ల్యాబుల్లో చాలా ఏళ్ళు పిల్లలు నేర్చుకున్న టర్బో సీ తెర నీలం, అక్షరం పసుపు. ఆనాటి కంప్యూటర్లలో ఆ తెరకు ఉన్నవి పదహారు రంగులే, అందులోంచి ఎంచుకున్నది అది. ఒక్కో పద్ధతి ఆనాటి యంత్రం ఇచ్చిన వీలును బట్టి వచ్చింది. ఇప్పటి యంత్రం అన్ని వీలులూ ఇస్తున్నప్పుడు పాత యంత్రపు హద్దును ఆచారంగా మోయనక్కరలేదు.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. తెల్ల తెర కళ్ళలోకి పొడుస్తోందని, నల్ల తెరకు మారాక హాయిగా ఉందని చాలామంది చెబుతారు. వారి అనుభవం అబద్ధం కాదు. రాత్రి పదింటికి ఒక్క బల్బు వెలుగులో 250 నిట్ల తెల్ల తెర ముందు కూర్చుంటే ఎవరికైనా కళ్ళు మండుతాయి. గది వెలుతురుకన్నా తెర పదింతలు మెరుస్తుండటమే అక్కడ తప్పు. బ్రైట్‌నెస్ తగ్గించినా ఆ బాధ పోతుంది, నల్ల థీమ్ వేసుకున్నా పోతుంది. రాత్రికి నల్ల థీమ్ మంచి ఎంపికే, నేనూ అదే చెబుతున్నాను. అప్పుడు కూడా కారునలుపు మీద తళుకు తెలుపు కాకుండా ముదురు బూడిద మీద లేత బూడిద అక్షరం ఎంచుకోవడం, గదిలో ఒక దీపం వెలిగించి ఉంచడం మేలు. కంటిలో శుక్లం లాంటి మసక ఉన్నవారి విషయం ఇంకా వేరు. వారికి తెల్ల తెర వెలుగు కంట్లోనే చెల్లాచెదురవుతుంది. చూపు తక్కువైన వారి చదువు మీద అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గార్డన్ లెగ్ 1980లలో చేసిన పరిశోధనల్లో, అలాంటివారు నల్ల తెర మీది తెల్ల అక్షరాన్నే బాగా చదివారు. అటువంటివారు పగలైనా రాత్రైనా నల్ల థీమ్ వాడుకోవాలి, కాలేజీ కూడా వారికి ఆ వీలు ఇవ్వాలి.

మూడోది కరెంటు మాట. కోతలున్న చోట నల్ల థీమ్ బ్యాటరీ ఆదా చేస్తుందని అంటారు. ఓలెడ్ తెరల్లో ఇది నిజం, అక్కడ ఒక్కో చుక్కా దానికదే వెలుగుతుంది కాబట్టి నలుపంటే ఆరిన చుక్క. పర్డ్యూ విశ్వవిద్యాలయం 2021లో ఓలెడ్ ఫోన్ల మీద కొలిచి చూస్తే, బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టినప్పుడు 39 నుంచి 47 శాతం ఆదా అయింది. ఇంట్లో మామూలుగా పెట్టుకునే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్ దగ్గర మిగిలింది 3 నుంచి 9 శాతమే. మన విద్యార్థుల చేతుల్లోని ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఎల్‌సీడీ తెరలవి. వాటిలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, థీమ్ ఏదైనా ఖర్చు దాదాపు ఒకటే. పగటి వెలుతురులో నల్ల తెర కనిపించక బ్రైట్‌నెస్ పెంచేస్తే బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతుంది. నీలి వెలుగు భయంతో ప్రత్యేక కళ్ళద్దాలు కొనేవారికీ ఒక మాట చెప్పాలి. 17 ప్రయోగాలను పరిశీలించిన 2023 నాటి కొక్రేన్ సమీక్షలో అవి కంటి అలసటను స్వల్పకాలంలో తగ్గిస్తాయనడానికి ఆధారం దొరకలేదు. కళ్ళు మండడానికి రెప్ప వేయడం తగ్గడం పెద్ద కారణం. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు వేసే రెప్ప తెర ముందు సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. వేడిగాలి వీచే ఈ పొడి నేలలో, ముఖం మీదికే ఫ్యాను తిరిగే గదిలో కన్నీటి పొర మరింత త్వరగా ఆరిపోతుంది. ఫ్యాను పక్కకు తిప్పుకోవడం, ఇరవై నిమిషాలకోసారి దూరాన ఉన్న చెట్టు వైపు చూడటం ఏ థీమ్ కన్నా ఎక్కువ పని చేస్తాయి.

తెలుపో నలుపో తేలాక రంగుల ఎంపిక వస్తుంది. ఇక్కడ పేరున్న థీమ్ అయినా కొలిచి చూడాలి. ఈథన్ స్కూనోవర్ 2011లో విడుదల చేసిన సోలరైజ్డ్ పదహారు రంగుల థీమ్. వెలుతురు స్థాయిలను శాస్త్రీయంగా లెక్కగట్టి, తెలుపులోనూ నలుపులోనూ ఒకే పొందిక ఉండేలా కూర్చారు. మెత్తని వెలుతురున్న గదిలో అది నిజంగా హాయినిస్తుంది. కానీ వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూత్రీసీ సంస్థ మామూలు సైజు అక్షరానికి కనీసం 4.5కు 1 తేడా ఉండాలంటుంది, వీలైతే 7కు 1 మేలంటుంది. సోలరైజ్డ్ లేత థీమ్‌లో మామూలు అక్షరానికి వచ్చేది 4.1 మాత్రమే, కామెంట్లకు 2.5. ఎండ వసారాలో ఆ కాస్తా కూడా కరిగిపోతుంది. అందుకని పగటికి 7 దాటే తేడా ఉన్న థీమ్ ఎంచుకోవాలి. రెండు రంగుల కోడ్ సంఖ్యలు ఇస్తే ఈ తేడా లెక్కగట్టే ఉచిత సాధనాలు చాలా ఉన్నాయి. రంగులు ఎన్ని ఉంటే అంత మేలన్న నమ్మకానికీ ఆధారం తక్కువ. జర్మనీలో 390 మంది విద్యార్థులతో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, కొత్తగా నేర్చుకునేవారికి రంగులున్న కోడ్‌కూ రంగుల్లేని కోడ్‌కూ అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి నాలుగైదు రంగులు చాలు. కామెంట్లను మసకబరచకూడదు. ప్రోగ్రాము ఎందుకు అలా రాశారో చెప్పేది అవే. ఎరుపూ ఆకుపచ్చా వేరు చేయలేని వర్ణాంధత్వం ఆడవారిలో కన్నా మగవారిలో చాలా ఎక్కువ, ఉన్నట్టు చాలామందికి తెలియదు కూడా. తీసేసిన వరుసను ఎరుపులో, చేర్చిన వరుసను ఆకుపచ్చలో మాత్రమే చూపే థీమ్ వారికి పనికిరాదు. నీలం, నారింజ రంగులు వాడేదీ, పక్కన కూడిక తీసివేత గుర్తులు చూపేదీ ఎంచుకోవాలి.

ఇక ఆచరణ. మొదట కుర్చీ చూసుకోండి. ఎండ పడే గోడ ఎదురుగా ఉంటే దాని ప్రతిబింబం తెర ఇచ్చే వెలుగును మించిపోతుంది, అక్కడ ఏ థీమూ నిలవదు. కిటికీ పక్కకు వచ్చేలా బల్ల తిప్పుకోవాలి. తర్వాత తెర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, తెరలోని తెలుపు కాగితంలా కనిపించే దాకా బ్రైట్‌నెస్ సర్దుకోవాలి. ఆ తర్వాత మీరు రాసిన పాత ప్రోగ్రాము ఒకటి తెరిచి, చేయి చాచినంత దూరంలో కూర్చుని, కామెంట్లూ సున్నా, ఓ అక్షరమూ, ఫుల్‌స్టాపూ కామా తడబడకుండా చదవగలుగుతున్నారో లేదో చూడండి. మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి. రెండు పూటలా ఒకే థీమ్ నెగ్గడం అరుదు. విజువల్ స్టూడియో కోడ్‌లో కంప్యూటర్ పగలు, రాత్రి రంగులను అనుసరించి థీమ్ దానంతట అదే మారే సెట్టింగు ఉంది, ఒకసారి పెట్టుకుంటే చాలు.

ఇది విద్యార్థి ఒక్కడి బాధ్యత కాదు. ల్యాబులో అరవై కంప్యూటర్లకు ఒకే నల్ల థీమ్ వేసి, కిటికీకి ఎదురుగా వరుసలు పేర్చిన గదులు మారాలి. కిటికీలకు తెరలు కట్టాలి, తళతళలాడని తెరలు కొనాలి, మొదటి ల్యాబు తరగతిలోనే పది నిమిషాలు ఈ సర్దుబాటుకు కేటాయించాలి. ప్రొజెక్టర్ మీద కోడ్ చూపే అధ్యాపకులు పగటిపూట తప్పకుండా తెల్ల థీమ్ వాడాలి, చివరి బెంచీకి కనిపించేది అదే. ఇందులో ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు. మీ ఎడిటర్ రంగులను మీ కళ్ళు, మీ గది, మీ ఊరి వెలుతురు చూసి మీరే నిర్ణయించుకోండి.